వెనుక సీటులోని సాక్షులు

అరబీ భాషలో ప్రయాణాన్ని 'సఫర్' అంటారు. తెర తొలగడం, వెల్లడి కావడం అనే అర్థాలున్న పదాలు కూడా ఇదే ధాతువు నుండి వచ్చాయి. తెల్లవారుజామున చీకటి విడిపోయి వెలుగు స్పష్టమవడాన్ని 'ఇస్ఫార్' అంటారు. ప్రయాణం మనుషుల స్వభావాన్ని కప్పి ఉంచిన తెరను తొలగిస్తుంది గనుకనే దానికి ఆ పేరు కలిగిందని మన పూర్వ పండితులు వివరించారు. ఇంట్లో, వీధిలో, మస్జిదులో మనిషి తన మర్యాదను జాగ్రత్తగా కాపాడుకుంటాడు. ఆకలి, నిద్రలేమి, ఎండ, ఇరుకు, ఆలస్యం ఒక్కసారిగా మీదపడినప్పుడే ఆ మర్యాద ఎంత లోతైనదో తేలుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) వద్ద ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన సంఘటన ప్రసిద్ధమైనది. ఆయన అతణ్ణి ఎరుగనని చెప్పి, తెలిసినవారిని తీసుకురమ్మన్నారు. అక్కడున్న ఒకాయన తనకతడు తెలుసునని, మంచివాడని అన్నాడు. అప్పుడు ఉమర్ (రజి) మూడు విషయాలు అడిగారు. అతని రాత్రీ పగలూ ఎరిగిన పొరుగువాడివా? అతనితో డబ్బు లావాదేవీలు జరిపావా? అతనితో కలిసి ప్రయాణం చేశావా? మూడింటికీ కాదనే సమాధానం వచ్చింది. అయితే నీకతడు తెలియడని ఆయన తేల్చి చెప్పారు.

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు, వ్యాపారంలో భాగస్వామిని ఎంచుకునేటప్పుడు ఈ సంఘటనను మనం తరచుగా ఉదహరిస్తుంటాం. కాని ఈ మూడు పరీక్షల్లోనూ మనల్ని దగ్గరగా గమనించే సాక్షులు మన ఇంట్లోనే ఉన్నారన్న సంగతి మనకు తట్టదు. మన రాత్రీ పగలూ ఎరిగినవారు వారే. మనం బజారులో బేరమాడుతుంటే పక్కన నిలబడేవారూ వారే. మనతో పాటు వాహనంలో వెనుక సీటులో కూర్చుని, మనం ముందుకు చూస్తూ నడుపుతున్నప్పుడు మన వీపు వెనుక నుండి మనల్ని చదివేవారూ వారే. వారు మన పిల్లలు.

ఈ మాట మాకు పుస్తకాల వల్ల కంటే ముందు ఒక కారు వల్ల తెలిసింది.

తొమ్మిది మంది, ఒక కారు

మాది కర్నూలు. మా చిన్నతనంలో, అంటే 1970ల చివర, 1980ల మొదట, సొంత కారు ఉన్న కుటుంబాలు ఊరిలో చాలా అరుదు. మా కుటుంబానికీ లేదు. అయితే మా మామూజాన్ అద్దెకు నడిపే ఒక అంబాసిడర్ కారు ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వరకు తయారైన ఆ కారును నేటి పిల్లలు సినిమాల్లో తప్ప చూసి ఉండరు. ముందు భాగంలో రెండు వేరు వేరు సీట్లుండేవి కావు, ఒకే పొడవైన సీటు ఉండేది. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది కనుక డ్రైవరుకు ఎడమ వైపున మరో ఇద్దరు సర్దుకుని కూర్చునేవారు.

దసరా సెలవుల్లో ఒకసారి, వేసవిలో ఏదైనా పెళ్లి కుదిరితే మరొకసారి, ఆ కారులో మేము హైదరాబాదు పాతబస్తీలోని మా ఖాలా ఇంటికి వెళ్లేవాళ్లం. ముందు సీటులో మామూజాన్, అబ్బాజాన్, భాయిజాన్. వెనుక నానీమా, అమ్మీ, మామానీ, ఆపా, మేము, అమ్మీ ఒడిలో చిన్న చెల్లెలు. పైన క్యారియరు మీద ఒక ఇనుప పెట్టె, తాడుతో బిగించిన హోల్డాలు. కాళ్ల దగ్గర స్టీలు టిఫిను క్యారియరు, దాని పక్కన తడిగుడ్డ చుట్టిన మట్టి కూజా. క్యారియరులో జొన్న రొట్టెలు, ఖీమా, ఉడికించిన గుడ్లు, మామిడికాయ పచ్చడి. మూత తీయకపోయినా ఖీమా వాసన కారంతా నిండిపోయేది. ఎప్పుడు ఆపుతారా అని మేమందరం ఎదురుచూసేవాళ్లం.

కర్నూలు నుండి హైదరాబాదుకు ఇంచుమించు 210 కిలోమీటర్లు. అప్పట్లో దానిని ఏడవ నంబరు జాతీయ రహదారి అనేవారు. వారణాసి నుండి కన్యాకుమారి వరకు సాగిన ఆ దారి నాటి మన దేశ జాతీయ రహదారులన్నింటిలో పొడవైనది. 2010లో నంబర్లు మారిన తరువాత మా దారి 44వ నంబరు రహదారిలో భాగమయింది. నేడు మధ్యలో డివైడరు, ఇరువైపులా రెండేసి వరుసలు ఉన్నాయి. ఆనాడు ఎదురెదురుగా రెండు లారీలు వస్తే ఒకదాని చక్రాలు మట్టిలోకి దిగవలసిందే. ఇప్పుడు మూడున్నర గంటల్లో ముగిసే ప్రయాణం అప్పుడు ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత మొదలై అస్ర్ వేళకు కాని పూర్తయ్యేది కాదు, ఎందుకంటే మామూజాన్ వేగంగా నడిపేవారు కారు. పైగా ప్రతి గంటన్నరకు చెట్టు నీడ చూసి బండి ఆపేవారు. "ఎద్దులకు నీళ్లు పెట్టినట్టే దీనికీ పెట్టాలి" అనేవారు.

ప్రయాణానికి ఒక నాయకుడు

కారు కదలక ముందు అబ్బాజాన్ వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ చూసేవారు. ప్రయాణపు దుఆ గట్టిగా చదివేవారు, మేము వెంట చదివేవాళ్లం. వాహనాన్ని మన వశం చేసినవాడిని కొనియాడుతూ, దానిని లొంగదీసే శక్తి మనకు లేదని ఒప్పుకుంటూ, చివరికి మనమంతా ఆయన వైపే మరలిపోవలసినవారమని గుర్తుచేసుకునే ఆ దుఆ అర్థం మాకప్పుడు తెలియదు. తెలిసిన తరువాత మాత్రం ఏ వాహనమెక్కినా ఆ చివరి భాగం వద్ద ఒక క్షణం ఆగకుండా ఉండలేకపోతున్నాము.

దుఆ అయిన తరువాత అబ్బాజాన్ ఒక మాట అనేవారు. "ఈ ప్రయాణానికి అమీరు మామూజాన్. ఆయన ఆపమన్న చోట ఆపుదాం. వద్దన్నది వద్దు." ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకుడుగా ఎన్నుకోవాలన్న దైవప్రవక్త (స) బోధను అబూదావూద్ హదీసు గ్రంథంలో చదువుకున్నప్పుడు మాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ కారే. అబ్బాజాన్ వయసులో పెద్దవారు, బంధుత్వంలో బావగారు, చదువులోనూ పైవారు. మామూజాన్ నాలుగవ తరగతితో బడి మానినవారు. అయినా దారి పొడవునా అబ్బాజాన్ ఆయనతో "ఇంకాస్త వేగంగా పోనీ" అని గాని, "ఆ లారీని దాటేయి" అని గాని ఒక్కసారి కూడా అనగా వినలేదు. వాహనం నడిపేవారి పక్కన కూర్చుని సలహాలివ్వడం మన సమాజంలో ఎంత పెద్ద జబ్బో పాఠకులకు చెప్పనవసరం లేదు. అధికారం ఉన్నవాడు ఆ అధికారాన్ని పక్కన పెట్టి, పని తెలిసిన చిన్నవాడి మాట వినడం ఎలా ఉంటుందో మేము ఆ ముందు సీటులో చూశాము. దానిని వినయమంటారని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు.

కిటికీ ఎవరిది?

పిల్లలున్న ప్రతి కారులోనూ ఒక యుద్ధం జరుగుతుంది. అది కిటికీ కోసం. ఆపాకూ మాకూ మధ్య ఆ యుద్ధం ఊరు దాటక ముందే మొదలయ్యేది. అబ్బాజాన్ దానికి ఒక చట్టం చేశారు. రహదారి పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లను లెక్కపెట్టాలి. పది రాళ్లు గడిస్తే కిటికీ మారాలి. లెక్క తప్పినవారు తమ వంతు కోల్పోతారు.

ఈ చట్టంతో రెండు పనులు జరిగాయి. మేము లెక్కలు నేర్చుకున్నాము. గడచిన దూరం ఎంత, మిగిలినది ఎంత, గంటకు ఎంత వేగంతో పోతున్నాము అని అబ్బాజాన్ అడుగుతూనే ఉండేవారు. రాళ్ల మీది ఊరి పేర్లు కూడబలుక్కుని చదవడంతో చెల్లెలికి తెలుగు అక్షరాలు బడికి పోకముందే పట్టుబడ్డాయి. రెండవది, కిటికీ ఎవరికీ సొంతం కాదని, వంతు వచ్చినప్పుడు కూర్చుని, వంతు అయిపోగానే లేవాలని అలవాటయింది.

బద్ర్ ప్రయాణంలో ఒంటెలు తక్కువగా ఉండి, ముగ్గురికి ఒకటి చొప్పున వంతులవారీగా ఎక్కారు. దైవప్రవక్త (స) తో వంతు పంచుకున్నవారు అలీ (రజి), అబూలుబాబా (రజి). తమ వంతు కూడా ఆయనే కూర్చోవాలని, తాము నడుస్తామని వారిద్దరూ వేడుకున్నారు. తనకంటే వారు బలవంతులేమీ కాదని, పుణ్యం అవసరం వారికంటే తనకు తక్కువేమీ కాదని చెప్పి, ఆయన తన వంతు రాగానే దిగి నడిచారు. సైన్యానికి నాయకుడు, ఒక సముదాయానికి ప్రవక్త, వంతు రాగానే ఇసుకలో నడిచారు. ఈ హదీసు పాఠం చెప్పేటప్పుడు మేము విద్యార్థులను అడుగుతుంటాము: మీ ఇంట్లో కిటికీ సీటు ఎవరిది? మొదట నవ్వుతారు. తరువాత ఆలోచనలో పడతారు.

దారి చెప్పిన పాఠాలు

తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు వెనుకబడిపోయేది. నానీమా తస్బీహ్ పట్టుకునేవారు. అక్కడి నుండి కృష్ణ వరకు ఉన్న నేల నడిగడ్డ. రెండు నదుల మధ్య ఉన్నది కనుక ఆ పేరు వచ్చిందని, ఆ రెండూ దిగువన కలుస్తాయని అబ్బాజాన్ చెప్పేవారు. బీచుపల్లి వద్ద కృష్ణ వంతెన మీదికి రాగానే అందరం కిటికీల వైపు ఒరిగేవాళ్లం. పెబ్బేరు, కొత్తకోట, అడ్డాకుల, జడ్చర్ల దాటి బాలానగరు చేరితే, దసరా రోజుల్లో రోడ్డు పక్కన గంపలనిండా సీతాఫలాలు కనిపించేవి. ఆ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతటా ప్రసిద్ధమయిందని పెద్దయ్యాక తెలుసుకున్నాము. గంప అమ్మే అవ్వతో అమ్మీ బేరమాడేవారు. బేరం తెగిన తరువాత అబ్బాజాన్ చిల్లర తిరిగి తీసుకునేవారు కాదు. అమ్మీకి కోపం వచ్చేది. "బేరం నీ హక్కు, చిల్లర నా ఇష్టం" అని ఆయన నవ్వేవారు.

ఎత్తు ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అని, పల్లం దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అని పలకడం సహాబీల అలవాటని జాబిర్ (రజి) కథనం ద్వారా తెలుస్తుంది. మా కారులో అది పిల్లల ఆట. ఎవరు ముందు పలుకుతారోనని ముందున్న రోడ్డును తదేకంగా చూసేవాళ్లం. ఆటగా పట్టుబడినదే కనుక ఇన్నేళ్లయినా నాలుక మీద నుండి జారిపోలేదు.

జుహర్ వేళకు ఎక్కడో ఒక మోటారు బావి చూసి ఆగేవాళ్లం. ఒకసారి జడ్చర్ల ఇవతల ఒక రైతు పొలంలో వుజూ చేసుకుని, గట్టు మీద దుప్పటి పరచబోతుంటే ఆ పెద్దాయన పరుగున వచ్చాడు. పొలం తొక్కామని కోప్పడతాడేమోనని మేము బెదిరాము. ఆయన తన భుజం మీది తువ్వాలతో చింతచెట్టు కింద ఆకులు ఊడుస్తూ, "ఎండల ఎందుకు సాబూ, ఈడ నీడ ఉన్నది, ఈడ చేసుకోండ్రి" అన్నాడు. నమాజు అయ్యేదాకా గొడ్లు ఇటు రాకుండా కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తరువాత అబ్బాజాన్ రొట్టె, ఖీమా ఇవ్వబోతే మాంసం తిననన్నాడు. గుడ్లు కూడా వద్దన్నాడు. రొట్టె, పచ్చడి మాత్రం తీసుకుని మాతోపాటే కూర్చుని తిన్నాడు. ప్రయాణంలో నాలుగు రకాతుల నమాజు రెండుగా తగ్గుతుందని, ధర్మం మనిషికి కష్టం కాకుండా సౌలభ్యం కోరుతుందని మాకు తెలిసింది ఆ చెట్టు కిందనే. పొరుగు ధర్మంవాడి గౌరవం ఎలా ఉంటుందో తెలిసిందీ ఆ చెట్టు కిందనే. నేడు ఈ రెండవ పాఠం మన పిల్లలకు ఎవరు చెబుతారు? వార్తలు చెప్పవు, ఫోనులో వచ్చే సందేశాలు అసలే చెప్పవు. దారిలో ఆగి, దిగి, మనుషులతో మాట్లాడితేనే అది దొరుకుతుంది.

ఒక రాత్రి

1981 వేసవి. ఖాలా పెద్ద కూతురి నికాహ్. ఆ రోజు మామూజాన్‌కు వేరే కిరాయి ఉండడం వల్ల మధ్యాహ్నం దాటాక బయలుదేరాము. ఇషా తరువాత నికాహ్ గనుక సమయానికి చేరతామనే అనుకున్నారు. దారిలో రెండు చోట్ల వంతెన పనుల వల్ల ఆగవలసి వచ్చింది. కొత్తకోట దాటేసరికి చీకటి పడింది.

రోడ్డు మీద ఒక ఎద్దుల బండి విరిగి పడి ఉంది. ఏదో లారీ గుద్ది వెళ్లిపోయింది. ఒక ఎద్దు చనిపోయింది. బండి తోలే మనిషి రోడ్డు అంచున పడి ఉన్నాడు. కాలు విరిగి రక్తం పోతోంది. మాకు ముందున్న రెండు వాహనాలు వేగం తగ్గించి, చూసి, వెళ్లిపోయాయి. ఆ కాలంలో ప్రమాదంలో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడమంటే చాలామందికి భయం. పోలీసులు అడుగుతారని, కోర్టు చుట్టూ తిరగాలని, గుద్దింది నీవేనంటారని అనుకునేవారు. అద్దె కారుతో బతికే మామూజాన్‌కు ఆ భయం మరింత ఎక్కువగా ఉండాలి. ఆయన అబ్బాజాన్ వైపు చూశారు. "ఏం చేద్దాం దూల్హాభాయ్?" అన్నారు. అబ్బాజాన్ "అమీరువు నీవే కదా" అన్నారు. మామూజాన్ బండి పక్కకు ఆపారు.

స్త్రీలనూ పిల్లలనూ కొద్ది దూరంలో ఉన్న ఒక టీ బంకు దగ్గర దించారు. ఆ మనిషిని హోల్డాలు విప్పి పరచిన వెనుక సీటులో పడుకోబెట్టారు. అబ్బాజాన్ అతని తల ఒడిలో పెట్టుకున్నారు. భాయిజాన్‌ను మా దగ్గర వదిలి, ఇద్దరూ జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రికి వెళ్లారు. టీ బంకాయన లాంతరు వెలిగించి ఇచ్చాడు. అమ్మీ చెల్లెలిని పడుకోబెట్టుకుని, నానీమా పక్కన కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆపా కొత్త బట్టలు పెట్టెలోనే ఉన్నాయని, నికాహ్ అయిపోయి ఉంటుందని ఏడ్చింది. నానీమా ఆమెను దగ్గరకు తీసుకుని, "పెళ్లికూతురు రేపు కూడా ఉంటుంది బిడ్డా" అన్నారు.

వారు తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అబ్బాజాన్ తెల్లని లాల్చీ ముందు భాగమంతా ఎర్రబడి ఉంది. హైదరాబాదు చేరేసరికి ఫజ్ర్ అజాన్ వినిపించింది. నికాహ్ అయిపోయింది. భోజనాలూ అయిపోయాయి. బంధువుల్లో కొందరు నిష్ఠూరాలాడారు. అబ్బాజాన్ "దారిలో ఆలస్యమయింది, మన్నించండి" అని మాత్రమే అన్నారు. కారణం చెప్పలేదు. మేము చెప్పబోతే కళ్లతో వారించారు. నాలుగు రోజుల తరువాత తిరుగు ప్రయాణంలో మామూజాన్ తానుగా ఆ ఆసుపత్రి ముందు ఆపి, లోపలికి వెళ్లి వాకబు చేసి వచ్చారు. బతికాడని చెప్పారు. అతని పేరేమిటో మాకు నేటికీ తెలియదు.

ఒక ప్రాణాన్ని కాపాడితే సమస్త మానవాళిని కాపాడినట్లేనన్న భావం దివ్య ఖుర్ఆన్‌లో 'అల్ మాయిదా' సూరాలో ఉంది. సెమినరీలో దాని వ్యాఖ్యానాలు ఎన్నో చదువుకున్నాము. ఆ ఆయతు పాఠం చెప్పిన ప్రతిసారీ మా కళ్ల ముందు నిలిచేది వ్యాఖ్యానం కాదు, లాంతరు వెలుగులో ఆ లాల్చీ.

నేడు ఆ భయానికి చట్టమే సమాధానం చెప్పింది. క్షతగాత్రులకు సాయపడేవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో అలా సాయపడినవారికి రక్షణ కల్పించే సెక్షన్ చేరింది. ఆసుపత్రికి చేర్చినవారు తమ పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఆగకుండా వెళ్లిపోవడానికి మనకు మిగిలిన సాకు ఏమిటో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఏది నిలుపుకోవాలి, ఏది వదలుకోవాలి

పాత రోజులన్నీ మంచివని చెప్పడం మా ఉద్దేశం కాదు. తొమ్మిది మంది ఒక కారులో ఇరుక్కుని, పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని రహదారి మీద పోవడం ఆనాటి లేమి. దానిని నేడు అనుకరించడం అవివేకం. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. పదింట ఏడు మరణాలు అతివేగంతో ముడిపడినవే. 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గాని, వారికి తగిన రక్షణ సీటు గాని లేకుండా వాహనం నడిపితే చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానాకు భయపడి కాదు, బిడ్డ మన దగ్గర ఉన్న అమానతు గనుక బెల్టు కట్టాలి.

వేగం విషయంలో మనకు అంతకంటే పాత ఆదేశం ఉంది. అంజషా అనే ఒంటెల తోలరి పాట పాడుతూ తోలుతుంటే ఒంటెలు పరుగందుకున్నాయి. వాటిపై స్త్రీలు ఉన్నారు. గాజుపాత్రలను తీసుకెళ్తున్నావు సుమా, మెల్లగా పోనీ అని దైవప్రవక్త (స) ఆయనను హెచ్చరించారు. మన వాహనాల్లోనూ గాజుపాత్రలున్నాయి. వాటిలో కొన్ని వృద్ధాప్యం వల్ల పెళుసైనవి, కొన్ని ఇంకా గట్టిపడనివి.

వదలుకోవలసినది ఇరుకును. నిలుపుకోవలసినది ఆ ఇరుకులో పుట్టిన సంభాషణను. నేడు ఒక కారులో నలుగురు కూర్చుంటే నాలుగు ఫోన్లు వెలుగుతున్నాయి. చెవుల్లో యంత్రాలు, చూపులు ఒడిలోకి. కృష్ణ వంతెన దాటిన సంగతి పిల్లలకు తెలియదు. పెద్దలకూ తెలియదు. ఊరు చేరగానే "వచ్చేశామా?" అని తలెత్తుతారు. మూడున్నర గంటలు ఒకే కప్పు కింద కూర్చుని, ఒకరినొకరు ఎరుగకుండా దిగిపోతున్నారు.

కాని పిల్లలు చూడడం మానుకున్నారని అనుకోరాదు. కిందటి సంవత్సరం మా మద్రసాలో విద్యార్థులను తమకు గుర్తున్న ఒక ప్రయాణం గురించి పది వాక్యాలు రాయమన్నాము. చార్మినార్ గురించో, సముద్రం గురించో రాస్తారనుకున్నాము. ఒక్కరు కూడా చేరిన చోటు గురించి రెండు వాక్యాలకు మించి రాయలేదు. ఒక బాలుడు ఎర్రటి ఎండలో కూడలి వద్ద నిలబడ్డ కానిస్టేబుల్‌కు తన తండ్రి నీళ్ల సీసా ఇచ్చిన సంగతి రాశాడు. మరొకడు వాంతి చేసుకుంటే అన్న తన రుమాలు ఇచ్చాడని రాశాడు. ఇంకొకడు, చాలా మెతక స్వభావం గలవాడు, టోలు గేటు వద్ద తన తండ్రి ఒక ఆటో డ్రైవరును ఏమని తిట్టాడో ఒక్క మాట పొల్లుపోకుండా రాసి, కింద 'నాకు భయమేసింది' అని చేర్చాడు. ఆ తండ్రి జుమా నాడు మొదటి వరుసలో నిలబడే మంచి మనిషి. ఆ రోజు ఆయనకు తొందర ఉండి ఉంటుంది. ఎండ కూడా ఉండి ఉంటుంది. కాని వెనుక సీటులోని సాక్షి అవేవీ రాయలేదు.

రాబోయే సెలవులకు కొన్ని మాటలు

అబ్దుల్లాహ్ బిన్ జఅఫర్ (రజి) తన బాల్యం నుండి ఒక జ్ఞాపకం చెప్పారు. దైవప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వస్తుంటే ఇంటి పిల్లలను ఆయనకు ఎదురు తీసుకెళ్లేవారు. ఒకసారి ఆయన తనను వాహనంపై ముందు కూర్చోబెట్టుకున్నారని, ఫాతిమా (రజి) కుమారుల్లో ఒకరిని వెనుక ఎక్కించుకున్నారని, ముగ్గురూ ఒకే వాహనంపై మదీనాలో ప్రవేశించారని ఆయన చెప్పారు. బాలుడుగా ఉన్న ఇబ్నె అబ్బాస్ (రజి) కు అల్లాహ్‌పై నమ్మకం గురించి ఆ ప్రసిద్ధమైన బోధ జరిగింది కూడా వాహనంపై వెనుక కూర్చున్నప్పుడే. అలసిన ప్రయాణికుడు పిల్లలను దూరం పెట్టలేదు, ఎక్కించుకున్నారు. వాహనాన్ని బడిగా మార్చడం మనకు అందిన సున్నతు.

కనుక ప్రియ పాఠకులారా, ఈసారి ప్రయాణానికి బయలుదేరేటప్పుడు దుఆను అర్థంతో సహా పిల్లల చేత చదివించండి. ఒకరిని అమీరుగా నిర్ణయించి, మీరే మొదట ఆయన మాట వినండి. మొదటి గంట ఫోన్లన్నీ ఒక సంచిలో వేయండి. నడిపేవారి ఫోను ప్రయాణమంతా ఆ సంచిలోనే ఉండాలి. దాటే నది పేరు, ఊరి పేరు పిల్లల చేత చెప్పించండి. వారి తాత ముత్తాతలు ఆ దారిన ఎలా వెళ్లేవారో చెప్పండి. తినుబండారాలు ఇంటి నుండి తెచ్చుకుంటే కాస్త ఎక్కువే తెచ్చుకోండి, దారిలో ఎవరికైనా పెట్టడానికి. కిటికీకి వంతులు పెట్టండి. ఎవరైనా అడ్డంగా వచ్చి మీకు కోపం తెప్పిస్తే, నోరు తెరిచే ముందు వెనుక ఎవరున్నారో ఒక్కసారి తలచుకోండి.

ఇంకొక మాట. సీట్లు మారుతాయి. మామూజాన్ ఇప్పుడు లేరు. అబ్బాజాన్‌కు ఎనభై దాటాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు భాయిజాన్ కొడుకు కారు నడుపుతాడు, ఆయన వెనుక సీటులో కూర్చుంటారు. ప్రతి గంటన్నరకు ఆ కుర్రవాడు చెట్టు నీడ చూసి బండి ఆపుతాడు. ఎవరు నేర్పారని మేము అడగలేదు. అతడు మామూజాన్‌ను చూడనే లేదు, కాని తన తండ్రి నడిపే కారులో వెనుక సీటులో కూర్చుని పెరిగాడు.

ప్రయాణికుడి దుఆ, తన బిడ్డ కోసం తండ్రి చేసే దుఆ తిరస్కరించబడవని హదీసులు చెబుతున్నాయి. బిడ్డలతో ప్రయాణించే తండ్రికి ఆ రెండూ ఒకేచోట కలిశాయి. ఆ గడియలను వృథా పోనివ్వకండి. అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమకరం చేయుగాక, మన వెనుక కూర్చున్నవారి సాక్ష్యం మనకు మేలు చేసేదిగా ఉండేలా మన నడవడిని దిద్దుగాక. ఆమీన్.